బ్యాంకాక్‌లో సగం కప్పు: మన కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టు కథ ఎక్కడ తెగిపోతోంది?

1974 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో ఆసియా యువజన ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. ఒక పక్క ఇరాన్, కిందటేడాది ఛాంపియన్. ఇంకో పక్క ఇండియా. మన జట్టుకు కెప్టెన్ షబ్బీర్ అలీ, హైదరాబాద్ కుర్రాడు, వయసు 18. ఆట 2-2తో ముగిసింది. విజేత ఎవరో తేల్చకుండా కప్పు ఇద్దరికీ ఇచ్చేశారు. అప్పట్లో అది వింతేమీ కాదు. ఆ తర్వాతి రెండేళ్ళూ ఇరాన్ ఇలాగే 1975లో ఇరాక్‌తో, 1976లో ఉత్తర కొరియాతో కప్పు పంచుకుంది.

మన వాటాకు వచ్చింది సగం కప్పు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో మన మగపిల్లల జట్టు ఏదీ, ఏ వయసుదీ, ఆసియా టైటిల్ ముట్టుకోలేదు.

ఫుట్‌బాల్ మాట వస్తే మన దగ్గర రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. ‘ఒకప్పుడు మనం ఆసియాలోనే మేటి’ అనేది ఒకటి. ‘ఇంత జనాభాలో పదకొండు మంది దొరకరా’ అనేది రెండోది. మొదటిది నిజమే కానీ దానితో తేలేదేమీ లేదు. రెండోదానికి జవాబు మరీ సులువు: పదకొండు మంది దొరుకుతూనే ఉన్నారు. 1974లో దొరికారు, 2002లో దొరికారు, 2018లో ఒకే రోజున రెండు జట్లకు సరిపడా దొరికారు. దొరికిన వాళ్ళు ఆ తర్వాత ఏమైపోతున్నారన్నదే అసలు ప్రశ్న.

చిక్కంతా ‘జట్టు’ అన్న మాటలోనే ఉందని నాకనిపిస్తుంది. సీనియర్ జట్టులో ఒకరు పోతే ఇంకొకరు వస్తారు, జట్టు మాత్రం ఉంటుంది. కుర్రాళ్ళ జట్టు అలా కాదు, కాలేజీ బ్యాచ్ లాంటిది. రెండేళ్ళకు అందరూ ఒకేసారి వెళ్ళిపోతారు. కోచ్ నేర్పిన ఆట, ఓడి నేర్చుకున్న పాఠాలు, ఎవరు ఎటు పరిగెత్తితే ఎవరు బంతి ఇవ్వాలన్న అలవాటు, అన్నీ వాళ్ళతోనే పోతాయి. మళ్ళీ సున్నా నుంచి మొదలు. అందుకే కుర్రాళ్ళ జట్టు చరిత్ర చదవాలంటే గెలిచిన మ్యాచ్‌ల జాబితా పట్టుకుంటే చాలదు. ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ మధ్య దేశంలో ఏం జరిగిందో చూడాలి.

వయసు లెక్కల గందరగోళం

ముందు ఒక చిన్న అడ్డంకి దాటాలి. అండర్-16, అండర్-17, అండర్-19, అండర్-20 అని వార్తల్లో వచ్చే అంకెలు చూసి తల తిరగని వాళ్ళు తక్కువ.

అండర్-17 ప్రపంచకప్‌లో ఆడాలంటే ఆట రోజుకు 17 నిండకూడదని చాలామంది అనుకుంటారు. లెక్క అది కాదు. పుట్టిన సంవత్సరం చూస్తారు. 2017 ప్రపంచకప్‌కు 2000 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్ళందరూ అర్హులే. జనవరిలో పుట్టిన పిల్లాడికి అక్టోబర్‌లో టోర్నీ జరిగే వేళకు 17 ఏళ్ళ 9 నెలలు. అయినా అతను అండర్-17 ఆటగాడే.

రెండో ముడి: అదే బ్యాచ్ పిల్లలు ప్రపంచకప్‌కు అర్హత కోసం ఏడాది ముందే ఆసియా టోర్నీ ఆడతారు. అప్పటికి వాళ్ళు ఏడాది చిన్న కాబట్టి ఆ టోర్నీని అండర్-16 అనేవారు. 2016లో గోవాలో ఆడిన అండర్-16 జట్టూ, 2017లో ఢిల్లీలో ఆడిన అండర్-17 జట్టూ ఒకే బ్యాచ్. అండర్-19, అండర్-20 సంగతీ ఇంతే. 2023 నుంచి ఆసియా టోర్నీలకు కూడా అండర్-17, అండర్-20 అనే పేర్లే పెట్టడంతో ఈ తలనొప్పి కొంత తగ్గింది.

ఈ జనవరి ఒకటి గీతకు ఇంకో పర్యవసానం ఉంది. ఒకే ఏడాది జనవరిలో, డిసెంబర్‌లో పుట్టిన ఇద్దరు పిల్లల్ని పదమూడేళ్ళప్పుడు పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకడు జాన ఎత్తు ఎక్కువుంటాడు, వేగంగా పరిగెత్తుతాడు, సెలక్టర్ కళ్ళకు ముందు వాడే కనపడతాడు. డిసెంబర్ పిల్లాడిలో ఆట ఎక్కువున్నా కండ తక్కువ. ప్రపంచమంతా ఉన్న సమస్యే ఇది. ఏడాది పొడవునా లీగులు నడిచే దేశాల్లో ఆ డిసెంబర్ పిల్లాడికి రెండేళ్ళ తర్వాత ఇంకో అవకాశం ఉంటుంది. ఒక వారం ట్రయల్స్‌తో తేల్చేసే చోట ఉండదు.

ఇక దొంగ వయసు. మన దగ్గర పుట్టిన తేదీ అంటే చాలా ఇళ్ళలో బడిలో వేసిన తేదీయే. రెండేళ్ళు తగ్గించి రాయించడం ఫుట్‌బాల్ కనిపెట్టిన విద్య కాదు. కాగితాన్ని నమ్మలేక చివరికి ఎముకను అడగడం మొదలుపెట్టారు. మణికట్టు దగ్గర ముంజేతి ఎముక చివర ఒక పలచటి ఎదుగుదల పొర ఉంటుంది. పిల్లలు పెరిగినంత కాలం అది తెరుచుకునే ఉంటుంది, ఎదుగుదల పూర్తయ్యాక ఎముకలో కలిసిపోతుంది. 17 ఏళ్ళ లోపు మగపిల్లల్లో అది పూర్తిగా కలిసిపోయి ఉండటం చాలా అరుదు. 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచకప్ నుంచి ఫిఫా ఎంఆర్ఐ తీసి చూస్తోంది. పొర మూసుకుపోయి ఉంటే ఇంటికే.

దీన్ని మోసం అని కొట్టిపారేస్తే అసలు నష్టం కనపడదు. పందొమ్మిదేళ్ళ వాడు పదహారేళ్ళ పిల్లల మధ్య ఆడితే కప్పు వస్తుంది, కోచ్‌కు పేరు వస్తుంది. కానీ వాడి శరీరం ఇక పెరగదు. అండర్-20కి వచ్చేసరికి అవతలి వాళ్ళు వాడిని దాటిపోతారు. పైగా వాడు కూర్చున్న కుర్చీ ఒక నిజమైన పదహారేళ్ళ పిల్లాడిది. ఆ పిల్లాడు అప్పటికే ఆట మానేసి ఉంటాడు.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ దాకా

1974 జట్టు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ కోచ్ అరుణ్ ఘోష్. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులో ఆయన డిఫెండర్. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో బడి పంతులుగా మొదలై 1951, 1962 ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన మనిషి. అంటే రహీం దగ్గర ఆడినవాడు కోచ్, రహీం ఊరి కుర్రాడు కెప్టెన్. బ్యాంకాక్ కప్పు మీద ఆయన చెయ్యి ఉంది. కాకపోతే చూడటానికి ఆయన లేరు, 1963లోనే పోయారు.

రహీం అనగానే సీనియర్ జట్టు, పతకాలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఆయన చేసిన ఇంకో పని ఎక్కువ ఆసక్తి. 1943 నుంచి చనిపోయేదాకా ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆ హోదాలో కుర్రాళ్ళకు విచిత్రమైన టోర్నీలు పెట్టించారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి.

ఊహించుకోండి. గల్లీలో నలుగురిని తప్పించి గోల్ కొట్టే మొనగాడికి ఈ టోర్నీలో పనేమీ లేదు. వాడు తల ఎత్తి చూడటం నేర్చుకోవాలి. బంతి రాకముందే ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోవాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో తడబడుతూ మొదలుపెట్టి సీజన్ అయ్యేసరికి రెండు కాళ్ళతోనూ పాస్ ఇవ్వగలడు. ఇవి ఖర్చు లేని ఉపాయాలు. మైదానం ఉంది, బంతి ఉంది, మార్చింది నియమం ఒక్కటే.

ఇలా పెరిగిన ఊళ్ళోంచి ఆటగాళ్ళు వరసగా వచ్చారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆ జట్టులో మొహమ్మద్ హబీబ్. ఇద్దరూ హైదరాబాద్ వాళ్ళే. ఆ కాంస్యమే సీనియర్లకు ఆసియా క్రీడల్లో ఆఖరి పతకం. దాని తర్వాత నాలుగేళ్ళకు షబ్బీర్ అలీ బ్యాచ్.

నా ఉద్దేశంలో 1974 ఒక ఆరంభం కాదు. పాత నారుమడిలో మిగిలిన ఆఖరి నారు అది. కొత్తగా విత్తనం చల్లినవాళ్ళు లేరు.

మూడేళ్ళ తేడా

ఇక్కడ దురదృష్టం కూడా కొంత ఉంది. 1974లో ఆసియా విజేతలు వెళ్ళడానికి కుర్రాళ్ళ ప్రపంచకప్ అంటూ ఒకటి లేదు. ఫిఫా మొదటి యువ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టింది 1977లో, ట్యునీషియాలో. ఆసియా నుంచి ఇరాన్, ఇరాక్ వెళ్ళాయి. ఫైనల్లో మనతో సమానంగా నిలిచిన ఇరాన్‌కు ప్రపంచ వేదిక దొరికింది. మన బ్యాచ్‌కు అప్పటికే వయసు దాటిపోయింది, దాని వెనక ఇంకో బ్యాచ్ తయారుగా లేదు. షబ్బీర్ అలీ మాత్రం నిలదొక్కుకున్నాడు, సీనియర్ జట్టుకు ఆడాడు, కలకత్తా క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్నాడు. 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది, ఆ పురస్కారం అందుకున్న మొదటి ఫుట్‌బాలర్ ఆయనే.

1985లో చైనాలో అండర్-16 ప్రపంచ టోర్నీ మొదలైంది. ఆరేళ్ళకు దాని వయసు 17కి మారింది. 1989లో సౌదీ అరేబియా ఆ కప్పు గెలిచింది కూడా. ఆసియా దేశం గెలవలేనిదేమీ కాదది. ఆ కాలంలో మన దగ్గర ఏముంది? బడుల మధ్య జరిగే సుబ్రతో కప్, రాష్ట్రాల మధ్య జరిగే బి.సి. రాయ్ ట్రోఫీ. రెండూ మంచి టోర్నీలే, ఎందరినో బయటికి తెచ్చాయి. కానీ టోర్నీ అంటే పది రోజుల పండగ. ఓడిన జట్టు మూడో రోజే రైలెక్కుతుంది. పదిహేనేళ్ళ పిల్లాడికి కావలసింది ఏడాదికి ముప్పై, నలభై పోటీ మ్యాచ్‌లు. మన పిల్లాడికి ఆరో ఏడో దొరికేవి.

1987లో జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ వచ్చాక కొంత మారింది. నాలుగేళ్ళు ఒకచోట ఉంచి, తిండి పెట్టి, చదివించి, ఆట నేర్పే పద్ధతి మన దగ్గర అప్పుడు మొదలైంది. 2002లో ఆసియా అండర్-17 టోర్నీలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళాం, దక్షిణ కొరియా చేతిలో ఓడాం. ఒక అకాడమీ, ఒక టోర్నీ, ఒక బ్యాచ్. మళ్ళీ చీకటి.

ఢిల్లీలో ఒక్క నిమిషం

2013 డిసెంబర్‌లో ఫిఫా 2017 అండర్-17 ప్రపంచకప్‌ను మనకు కేటాయించింది. ఆతిథ్య దేశానికి అర్హత పోటీలు అక్కర్లేదు. అంటే చరిత్రలో మొదటిసారి మన జట్టు ఫిఫా ప్రపంచకప్‌లో ఆడబోతోంది, ఏ వయసు లెక్కన చూసినా. ఎంచుకోవడానికి, తయారు చేయడానికి నాలుగేళ్ళ టైముంది.

2015లో జర్మన్ కోచ్ నికొలాయ్ ఆడమ్ వచ్చాడు. గోవాలో క్యాంపు పెట్టారు. మన దేశంలో ఏ కుర్రాళ్ళ జట్టూ తిరగనన్ని దేశాలు తిప్పి మ్యాచ్‌లు ఆడించారు. అయినా 2016 ఆసియా టోర్నీలో, అదీ సొంతగడ్డ గోవాలో, యూఏఈ చేతిలో 2-3, ఇరాన్ చేతిలో 0-3తో ఓడి, సౌదీతో 3-3 డ్రా చేసుకుని గ్రూపు దశలోనే ఆగిపోయారు. ఆతిథ్యం లేకపోతే ప్రపంచకప్ లేనట్టే. 2017 మొదట్లో జట్టులో విభేదాలు వచ్చి ఆడమ్ వెళ్ళిపోయాడు. పోర్చుగల్ నుంచి లూయిష్ నార్టన్ డి మాటోస్ వచ్చేసరికి చేతిలో ఏడెనిమిది నెలలే ఉన్నాయి.

అప్పుడు జరిగిన ఒక ప్రాక్టీస్ మ్యాచ్ ఈ మొత్తం కథకు కీలకమని నేనంటాను. పంజాబ్‌లోని మినర్వా అకాడమీ కుర్రాళ్ళు వచ్చి దేశపు జట్టును 1-0తో ఓడించి పోయారు. రెండేళ్ళు విదేశాలు తిరిగి తయారైన జట్టును దేశంలోనే ఉన్న ఒక ప్రైవేటు అకాడమీ ఓడించింది! డి మాటోస్ బింకానికి పోలేదు. వాళ్ళలో నలుగురిని తన జట్టులోకి తీసుకున్నాడు. అందులో ఒకడు పొడగరి మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్. మొదటి కోచ్ కాలంలో అతనికి చోటు దొరకలేదు.

2017 అక్టోబర్ 9. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. మొదటి మ్యాచ్‌లో అమెరికా చేతిలో 0-3తో ఓడిన జట్టు కొలంబియాతో ఆడుతోంది. తొలి సగంలో రాహుల్ కేపీ కొట్టిన షాట్ గోల్ స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. విరామం తర్వాత పెన్యలోసా గోల్‌తో కొలంబియా ముందుకు వెళ్ళింది. 82వ నిమిషంలో మనకు కార్నర్. బెంగళూరు కుర్రాడు సంజీవ్ స్టాలిన్ బంతిని లోపలికి వేశాడు. అందరికంటే పైకి లేచి తలతో కొట్టినవాడు జీక్సన్ సింగ్. గోల్. ఫిఫా ప్రపంచకప్‌లో భారతదేశపు మొట్టమొదటి గోల్. స్టేడియం ఊగిపోయింది, కుర్రాళ్ళు కార్నర్ జెండా దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు.

మళ్ళీ ఆట మొదలైంది. 83వ నిమిషంలో కొలంబియా మళ్ళీ గోల్ కొట్టింది, మళ్ళీ పెన్యలోసాయే. మన వాళ్ళ ఊపిరి ఇంకా కుదుటపడలేదు. రీప్లేలో చూస్తే తెలుస్తుంది, ఇద్దరు డిఫెండర్లు తమ చోటుకి చేరుకోనేలేదు. దీన్ని చాలామంది దురదృష్టం అన్నారు. కాదు, అనుభవం. గోల్ కొట్టాక వచ్చే రెండు నిమిషాలే ప్రమాదమని చెప్తే అర్థమవుతుంది గానీ ఒంటికి పట్టదు. ఏడాదికి నలభై మ్యాచ్‌లు ఆడినవాడి ఒంటికే అది పడుతుంది.

మూడో మ్యాచ్‌లో ఘనా చేతిలో 0-4. మూడు ఆటలు, మూడు ఓటములు, ఒక గోల్. స్టేడియాలకు మాత్రం మొత్తం 13,47,133 మంది వచ్చారు. అండర్-17 ప్రపంచకప్‌లలో అప్పటిదాకా అంత జనం ఎక్కడా రాలేదు, 1985లో చైనా నెలకొల్పిన రికార్డు పోయింది. ఆట చూడటానికి మనకు జనం లేరన్న మాట అక్కడితో అబద్ధమైంది.

ఆ 21 మంది జట్టులో 8 మంది మణిపూర్ వాళ్ళు. కెప్టెన్ అమర్‌జిత్ సింగ్, గోల్ కొట్టిన జీక్సన్ బంధువులు కూడా. తెలుగు నేల నుంచి ఒక్కడూ లేడు. ఒకప్పుడు దేశానికి ఆటగాళ్ళను పంపిన ఊరు హైదరాబాద్, ఆరు ఆతిథ్య నగరాల జాబితాలో కూడా లేదు. ఢిల్లీ, కోల్‌కతా, నవీ ముంబై, గువాహటి, కోచి, మడ్గావ్. మణిపూర్‌లో ఏ ఊరికి వెళ్ళినా సాయంత్రం మైదానంలో పిల్లలుంటారు, క్లబ్బు ఉంటుంది, జిల్లా లీగు ఉంటుంది. యాభైలలో హైదరాబాద్‌లో ఉన్నది సరిగ్గా అదే.

ఆ తర్వాత ఏం చేశాం

2017 బ్యాచ్‌ను విడగొట్టకుండా ఇండియన్ యారోస్ అనే పేరుతో ఐ-లీగ్‌లో దించారు. ఇది 2010లో మొదలై 2013లో ఆగిన పాత ఆలోచనే, దుమ్ము దులిపి మళ్ళీ తీశారు. పెద్దవాళ్ళ లీగ్‌లో టీనేజీ కుర్రాళ్ళు. మొదటి మ్యాచ్‌లోనే చెన్నై సిటీని 3-0తో కొట్టారు. సీజన్ చివరికి పదో స్థానం, అంటే ఆఖరు. అయినా మంచి పనే జరిగిందంటాను, వారం వారం దెబ్బలు తిని నేర్చుకున్నారు. జీక్సన్, సురేష్ వాంగ్జం, అపుయా అని పిలిచే లాలెంగ్మావియా, అన్వర్ అలీ, రహీం అలీ తర్వాత సీనియర్ జట్టుకు ఆడారు. ఒక బ్యాచ్ నుంచి ఇంతమంది రావడం మామూలు సంగతి కాదు. 2022లో యారోస్‌ను మూసేశారు.

మరి తర్వాతి బ్యాచ్‌లకు ఏమైంది? ఇక్కడ దేశవాళీ లీగ్ సంగతి చెప్పాలి. 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైనప్పుడు మైదానంలో ఒక్కో జట్టుకు ఆరుగురు విదేశీయులు ఉండొచ్చు. 2017లో అది ఐదుకు, 2021లో నాలుగుకు తగ్గింది. క్లబ్బు యజమాని విదేశీయుడికి డబ్బు పోసేది ఎక్కడ? గోల్ కొట్టే చోట, గోల్ ఆపే చోట. అందువల్ల సెంటర్ ఫార్వర్డ్‌గా పెరిగిన పందొమ్మిదేళ్ళ భారతీయుడికి బెంచీయే గతి, లేకపోతే మైదానం పక్క అంచులకు జరగాలి. ‘సునీల్ ఛెత్రి తర్వాత ఎవరు’ అని పదేళ్ళుగా అడుగుతూనే ఉన్నాం.

2018 ఆగస్టు 5 మన కుర్రాళ్ళ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే వింతైన రోజు. స్పెయిన్‌లో కోటిఫ్ కప్ అనే కుర్రాళ్ళ టోర్నీలో ఫ్లాయిడ్ పింటో కోచ్‌గా ఉన్న మన అండర్-20 జట్టు అర్జెంటీనా అండర్-20ని 2-1తో ఓడించింది, అదీ రెండో సగంలో పదిమందితో ఆడి. దీపక్ టాంగ్రి తలతో కొట్టిన గోల్, అన్వర్ అలీ ఫ్రీ కిక్. అవతలి బెంచీ మీద కోచ్ లియొనెల్ స్కలోనీ. నాలుగేళ్ళ తర్వాత మెస్సీ చేతికి ప్రపంచకప్ అందించిన స్కలోనీయే. అదే రోజు జోర్డాన్‌లో మన అండర్-16 జట్టు ఆసియా ఛాంపియన్ ఇరాక్‌ను 1-0తో ఓడించింది.

వాట్సాప్‌లో ఆ వార్త ఇప్పటికీ తిరుగుతుంటుంది. దానితో పాటు తిరగని సంగతి ఒకటుంది: అదే కోటిఫ్ టోర్నీలో మన వాళ్ళు మౌరిటానియా చేతిలో 0-3తో ఓడారు. కుర్రాళ్ళ ఆట అంతే, ఒక రోజు ఆకాశం, ఒక రోజు పాతాళం. ఒక్క ఫలితం పట్టుకుని జెండా ఎగరేయకూడదు, తిట్టిపోయకూడదు.

నా దృష్టిలో అర్జెంటీనా మీద గెలుపు కంటే పెద్దది ఆ సెప్టెంబర్‌లో మలేషియాలో జరిగింది. బిబియానో ఫెర్నాండెజ్ శిక్షణలో అండర్-16 జట్టు వియత్నాంను 1-0తో ఓడించి, ఇరాన్, ఇండోనేషియాలతో గోల్ ఇవ్వకుండా డ్రా చేసుకుని క్వార్టర్ ఫైనల్ చేరింది. సెమీస్ చేరిన నలుగురికీ ప్రపంచకప్ బెర్త్. అంటే ఇంకొక్క గెలుపు, ఈసారి ఆతిథ్యం పేరు చెప్పి కాదు, ఆడి సంపాదించుకున్న ప్రపంచకప్. అక్టోబర్ 1న మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురొచ్చింది. 0-1. టోర్నీ మొత్తం మీద మన మీద పడిన గోల్ అదొక్కటే.

ఆ నియమం ఇప్పుడు మారిందని తెలిస్తే ఆ కుర్రాళ్ళకు ఎలా ఉంటుందో. 2025 నుంచి అండర్-17 ప్రపంచకప్ ఏటేటా జరుగుతోంది, 48 జట్లతో. ఆసియాలో క్వార్టర్ ఫైనల్ చేరితే చాలు, బెర్త్ ఖాయం. 2018 బ్యాచ్ ఏడేళ్ళు ముందు పుట్టింది. 1974 బ్యాచ్ మూడేళ్ళు ముందు పుట్టినట్టే.

ఆడపిల్లల సంగతి

2022 అక్టోబర్‌లో అండర్-17 మహిళల ప్రపంచకప్ కూడా మన దేశంలోనే జరిగింది. అంతకు ముందు ఆగస్టులో ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది, పరిపాలనలో బయటివాళ్ళ జోక్యం ఉందని. పదకొండు రోజుల తర్వాత ఎత్తేసింది. ఆ పదకొండు రోజులూ క్యాంపులో ఉన్న పదహారేళ్ళ పిల్లలకు తాము ఆడతామో లేదో తెలియదు. భువనేశ్వర్‌లో అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5. కెప్టెన్ అష్టం ఉరావ్‌ది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా. ఆమె కెప్టెన్ అయిందని ఆ ఊరికి రోడ్డు మంజూరైంది. ఆ రోడ్డు పనిలో కూలీలుగా ఆమె అమ్మానాన్నలే చేరారు.

తెలుగు పేరు ఇప్పుడు కనపడేది ఈ వైపే. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశపు సీనియర్ జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కు వెళ్ళింది. అదే ఏడాది మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ టైటిల్ గెలిచింది. మూడేళ్ళు తిరగకముందే చేతిలో డబ్బు లేక చితికిపోయి, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. రహీం ఊళ్ళో ఇప్పుడు ఐఎస్ఎల్ జట్టు లేదు.

మళ్ళీ ఇరాన్

మగపిల్లల దగ్గరికి వద్దాం. 2023లో థాయ్‌లాండ్‌లో జరిగిన ఆసియా అండర్-17 టోర్నీలో జపాన్ మీద మన వాళ్ళు నాలుగు గోల్స్ కొట్టారు. కుర్రాళ్ళ ఫుట్‌బాల్‌లో జపాన్ మీద నాలుగంటే చిన్న సంగతి కాదు. కాకపోతే ఎనిమిది ఇచ్చుకున్నారు. గ్రూపులోనే ఇంటికి. 2025 ఎడిషన్‌కు అసలు అర్హతే రాలేదు.

2026 టోర్నీ అర్హత పోటీల్లో మన గ్రూపు మ్యాచ్‌లు అహ్మదాబాద్‌లో జరిగాయి. కోచ్ మళ్ళీ బిబియానో. లెబనాన్ చేతిలో ఓడాక ఆశలు వదిలేసుకున్న వాళ్ళే ఎక్కువ. 2025 నవంబర్ 30న ఆఖరి మ్యాచ్, ఇరాన్‌తో. గ్రూపు నుంచి ఒక్కరే ముందుకు వెళ్తారు. ఇరాన్‌కు డ్రా చాలు, మనకు గెలుపు తప్ప వేరే దారి లేదు. మొదటి గోల్ ఇరాన్ కొట్టింది. విరామానికి ముందు పెనాల్టీతో మన వాళ్ళు సమం చేశారు. రెండో సగం మొదలైన కాసేపటికే రెండో గోల్ కొట్టారు.

ఇక మిగిలింది దాదాపు నలభై నిమిషాలు. ఢిల్లీలో కొలంబియా మీద గోల్ కొట్టిన బ్యాచ్ ఒక్క నిమిషం కూడా కాపాడుకోలేకపోయింది. ఈ బ్యాచ్ నలభై నిమిషాలు కాపాడుకుంది. 2-1.